ఆ ఫొటోలోని పిచ్చుక ఎక్కడిది?

సంపాదకులు గారికి,

నమస్కారం. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం సందర్భంగా మీరు ప్రచురించిన ప్రత్యేక పేజీని ఆసాంతం చదివాను. గుమ్మానికి వేలాడే వరి కంకుల కుచ్చులు, పెంకుటింటి చూరులో గడ్డి పరకలు, గోడ మీది అద్దంలో తన నీడనే పొడుచుకుంటూ కూర్చునే మగ పిచ్చుక, ఇవన్నీ నా చిన్ననాటివి కూడా కాబట్టి ఆ వ్యాసం నన్ను కదిలించలేదని అనను. అయితే అంత పేజీ చదివాక పిచ్చుక గురించి పాఠకుడికి మిగిలినవి రెండే మాటలు: అది అంతరించిపోతోంది, అందుకు సెల్ టవర్లే కారణం. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ కళాశాలల్లో జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా ఈ రెండు మాటల మీదా, పేజీ పైభాగాన వేసిన పెద్ద ఫొటో మీదా నాకు అభ్యంతరాలున్నాయి. ఫొటో సంగతి చివర్లో మనవి చేస్తాను.

మన వాడుకలో ఊరపిచ్చుక అల్పత్వానికి గుర్తు. బ్రహ్మాస్త్రం వేయదగని ప్రాణిగా సామెతలోకి, లేహ్యంగా సంతలోకి, ఈ మధ్య జాలిపడదగిన జీవిగా పత్రికల్లోకి వచ్చింది. జీవశాస్త్రంలో మాత్రం దాని స్థానం వేరు. ఎక్కడ పడితే అక్కడ దొరకడం, మనిషికి బెదరకపోవడం, పెట్టెల్లో గూళ్లు కట్టడం, పంజరంలో బతకడం అనే గుణాల వల్ల నూట పాతికేళ్లుగా పరిశోధకులు పదే పదే ఆశ్రయించిన అడవిపక్షుల్లో ఇదొకటి. అడవిపక్షి అని ఎందుకంటున్నానంటే, మన ఇంట్లోనే ఉంటున్నా దాన్ని ఎవరూ పెంచలేదు, మచ్చిక చేయలేదు.

1898 ఫిబ్రవరి 1న అమెరికాలోని ప్రావిడెన్స్ నగరం మీద మంచు, వడగళ్లు, వాన కలిసిన తుపాను విరుచుకుపడింది. నేలమీద కొయ్యబారి పడివున్న ఊరపిచ్చుకలను కొందరు ఏరి బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని శరీరనిర్మాణ ప్రయోగశాలకు తెచ్చారు. మొత్తం 136 పిట్టలు. వెచ్చదనం తగిలాక 72 తేరుకున్నాయి, 64 చనిపోయాయి. అక్కడ పనిచేస్తున్న హెర్మన్ బంపస్ బతికినవాటిని, చచ్చినవాటిని కూడా శ్రద్ధగా కొలిచాడు. ఒంటి పొడవు, రెక్కల విస్తారం, బరువు, ముక్కుతో కలిపి తల పొడవు, కాలి ఎముకలు, రెక్క ఎముక, పుర్రె వెడల్పు, రొమ్ము ఎముక గట్టు ఇలా తొమ్మిది కొలతలు. మరీ పెద్దవి, మరీ చిన్నవి ఎక్కువగా చనిపోయాయనీ, సగటు కొలతలున్నవే నిలిచాయనీ ఆయన తేల్చాడు. పరిసరాలకు తగిన జీవులే మిగిలి సంతతిని నిలుపుకోవడమనే ప్రకృతి వరణాన్ని ఊహగా కాకుండా లెక్కల్లో చూపించే ప్రయత్నాల్లో ఇది తొలినాటిది. డార్విన్ పోయి అప్పటికి పదహారేళ్లే.

నాకు ఆ తీర్పు కన్నా ముఖ్యంగా కనబడేది ఆయన చేసిన మరో పని. ఆ 136 పిట్టల కొలతలన్నింటినీ, ఒక్కొక్క పిట్టకు ఒక్కొక్క వరుస చొప్పున, 1899లో వ్యాసంతోపాటే అచ్చు వేయించాడు. తన తీర్పును ఎవరైనా తిరగదోడుకునే వీలు అలా మిగిల్చాడు. తిరగదోడారు కూడా. 1972లో కొందరు ఆ అంకెలనే మళ్లీ తీసి ఆడ, మగ పిట్టలను వేరు చేసి చూస్తే, సగటువి బతికాయన్న మాట ఆడవాటికి సరిపోయింది, మగవాటిలో పెద్దవి బతికినట్టు తేలింది. ఆ 49 ఆడ పిచ్చుకల పట్టిక, 21 బతికినవి, 28 చనిపోయినవి, నేటికీ గణాంకశాస్త్ర విద్యార్థులకు అభ్యాసపాఠం. ఒక రోజు తుపానుకు చచ్చిన పిట్టలు శతాబ్దం దాటినా పాఠం చెబుతూనే ఉన్నాయంటే కారణం, వాటిని చూసి ఎవరో బాధపడటం కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని, ఎంతెంత అన్నవి రాసిపెట్టడం.

ఆ పిచ్చుకలు అమెరికా స్థానికమైనవి కావన్నది ఇంకో విశేషం. 1850ల తొలినాళ్లలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఐరోపా నుంచి తెప్పించి వదిలినవాటి సంతతి ఖండమంతా పాకింది. 1964లో జాన్‌స్టన్, సెలాండర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వాటిని పోల్చి చూస్తే ఎడారి ప్రాంతాల్లోనివి లేతరంగులోకి, తేమ ప్రాంతాల్లోనివి ముదురు రంగులోకి, చలి ప్రాంతాల్లోనివి పెద్ద ఒంటికి మారినట్టు కనబడింది. పరిణామానికి లక్షల ఏళ్లు పట్టి తీరాలన్న నమ్మకాన్ని నూరేళ్లలోనే ఇలా మారిన పిచ్చుకలు సడలించాయి.

రాత్రి డ్యూటీలు చేసేవారికి, విదేశాల నుంచి విమానం దిగి నాలుగు రోజులు పగటి నిద్రలు పోయేవారికి శరీరంలో ఒక గడియారం ఉందని వేరే చెప్పనక్కర్లేదు. వెన్నెముక గల జీవుల్లో ఆ గడియారం ఎక్కడుంటుందన్న ప్రశ్నకు దారి చూపిన ప్రాణుల్లో ఊరపిచ్చుక ముఖ్యమైనది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మెనాకర్ బృందం పిచ్చుకలను ఎడతెగని చీకటిలో ఉంచి, అవి కొమ్మ మీద గెంతిన ప్రతిసారీ యంత్రం గుర్తు వేసేలా ఏర్పాటు చేసింది. బయట పగలో రాత్రో తెలియకపోయినా అవి దాదాపు ఇరవై నాలుగు గంటల లయ తప్పకుండా లేచేవి, పడుకునేవి. మెదడు పైభాగాన ఉండే పీనియల్ గ్రంథిని తీసివేస్తే ఆ లయ చెదిరి, గెంతడానికి వేళాపాళా లేకుండా పోయింది. 1968లో అచ్చయిన ఫలితమిది. 1979లో జిమ్మర్‌మన్, మెనాకర్ ఇంకొక అడుగు వేసి, ఒక పిచ్చుక పీనియల్‌ను గ్రంథి లేని మరో పిచ్చుక కంటిలోని ముందరి అరలో అమర్చారు. లయ తిరిగొచ్చింది. అంతకన్నా వింత, దాతగా నిలిచిన పిచ్చుక ఏ వేళకు లేచేదో గ్రహీత కూడా ఆ వేళకే లేవసాగింది. అంటే గ్రంథితోపాటు గడియారంలోని వేళ కూడా బదిలీ అయిందన్నమాట. చూపు తీసేసిన పిచ్చుకలు సైతం పగలు పెరగడాన్ని గుర్తించగలవనీ, తలమీద ఈకలు పీకితే ఆ గుర్తింపు పదునెక్కుతుందనీ, తల చర్మం కింద నల్ల సిరా ఎక్కిస్తే మందగిస్తుందనీ ఆ బృందమే చూపింది. పిచ్చుక మెదడు లోపలే వెలుతురును పసిగట్టే కణాలున్నాయి, కపాలం గుండా చొరబడే ఆ కాస్త వెలుగే వాటికి చాలు. ఈ ప్రయోగాల్లో ఆ పిట్టలు పడిన బాధను తలచుకుంటే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. అలాంటి పనికి ఈనాడు నైతిక సంఘాల ముందు చాలా సమాధానాలు చెప్పుకోవాలి, చెప్పుకోవాల్సిందే కూడా.

నేను తరగతిలో తప్పు చెప్పిన సంగతి కూడా ఒకటుంది. మగ పిచ్చుక గొంతు కింద నల్లని మచ్చ ఉంటుంది. అది ఎంత పెద్దదైతే ఆ పిట్ట గుంపులో అంత పెత్తందారు అని 1980ల నుంచి పాఠ్యగ్రంథాల్లో ఉండేది. పోలీసు భుజం మీది నక్షత్రాల్లాంటిదని నేను పిల్లలకు ఉపమానం కూడా చెప్పేవాణ్ని, వాళ్లు దాన్ని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకునేవారు. ఇంగ్లండ్ పడమటి తీరాన లండీ అనే చిన్న దీవి ఉంది. అక్కడి పిచ్చుకలన్నింటికీ కాళ్లకు రంగు కడియాలు వేసి, ఏ పిట్ట ఏ గూటిలో పుట్టింది, దేనితో జతకట్టింది, ఎప్పుడు పోయింది అన్నది తరతరాలుగా నమోదు చేస్తున్నారు. సముద్రం దాటి వచ్చేవి, పోయేవి లేనట్టే కాబట్టి ఆ చిట్టా దాదాపు సంపూర్ణం. ఆ పిచ్చుకల తగవులను, పాత అధ్యయనాల అంకెలతో కలిపి 2018లో తిరిగి లెక్కగడితే మచ్చకూ పెత్తనానికీ ఉన్నదనుకున్న సంబంధం నిలవలేదు. అనుకూలంగా వచ్చిన ఫలితాలు అచ్చయి, రానివి బల్ల సొరుగుల్లో ఉండిపోవడం వల్లే అది అంత గట్టి సత్యంలా కనబడిందని ఆ పరిశోధకులు రాశారు. ఇది చదివాక నా పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాను. వాళ్లు నవ్వారు.

ఇక మీ వ్యాసంలోని ప్రధాన విషయానికి వస్తాను. పిచ్చుక మనతో ఎందుకుందో తెలిస్తే ఎందుకు దూరమవుతోందో కొంత తెలుస్తుంది. మధ్య ఆసియాలో బాక్ట్రియానస్ అనే ఊరపిచ్చుక ఉపజాతి ఉంది. అది మనుషులకు దూరంగా గడ్డిభూముల్లో ఉంటుంది, గడ్డి గింజలు తింటుంది, చలికాలంలో దక్షిణానికి వలస వస్తుంది. దాని జన్యువులతో ఇళ్లలో ఉండే పిచ్చుక జన్యువులను ఓస్లో శాస్త్రజ్ఞుల బృందం 2018లో పోల్చింది. రెండూ విడివడింది సుమారు 11,000 ఏళ్ల క్రితం, అంటే పశ్చిమాసియాలో మనిషి సేద్యం మొదలుపెట్టిన కాలానికి దగ్గరగా. ఇంటి పిచ్చుకలో మారినట్టు కనబడిన జన్యువుల్లో ఒకటి పుర్రె ఎదుగుదలకు, మరొకటి పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్‌కు చెందినవి. ఆ రెండోదాని జాతి జన్యువులే కుక్కలోనూ, మనలోనూ ధాన్యపు తిండికి అనుగుణంగా మారాయి. మన పూర్వికులు ధాన్యం నూర్చిన కళ్లాల్లోనే ఈ పిట్ట కడుపు కూడా మారిందన్నమాట.

కాబట్టి గుమ్మానికి వరి కుచ్చు కట్టడం అర్థం లేని ఆచారం కాదు. అయితే అది పెద్ద పిట్టల తిండి. గుడ్డు పగిలి బయటకు వచ్చిన కూనకు తొలి రోజుల్లో కావలసింది గింజ కాదు, పురుగు: గొంగళిపురుగు, పేనుబంక, చిన్న సాలీడు. లండన్ శివార్లలో కొన్ని పిచ్చుక గుంపులకు పురుగులు మేపి, మరికొన్నింటికి మేపకుండా చూశారు. మేపిన చోట ఎగిరివచ్చిన పిల్లల సంఖ్య పెరిగింది. గుంపు మాత్రం ఆ మేరకు పెరగలేదు. అంటే అడ్డంకి ఇంకెక్కడో కూడా ఉందని. 2019లో అదే నగరంలోని 11 గుంపులను పరీక్షిస్తే ఏడు తగ్గుతున్నాయనీ, సగటున 74 శాతం పిట్టల్లో పక్షి మలేరియా క్రిమి ఉందనీ తేలింది. ఒక్క నగరంలోనే ఇన్ని కారణాలు పెనవేసుకుని ఉన్నప్పుడు మన పట్టణాలకు ఒకే ముద్దాయిని నిలబెట్టడం తొందరపాటు.

సెల్ టవరు అనే ఆ ముద్దాయి మీద సాక్ష్యమే లేదని నేననను. స్పెయిన్, బెల్జియంలలో 2007లో వచ్చిన రెండు పరిశీలనలు విద్యుదయస్కాంత తరంగాల బలం ఎక్కువగా ఉన్న చోట్ల పిచ్చుకలు తక్కువగా కనబడ్డాయని చెప్పాయి. కానీ టవర్లు ఎక్కువున్న చోటే కట్టడాలు, వాహనాలు ఎక్కువ, చెట్లు, మట్టి నేలలు తక్కువ. వీటిని విడదీయకుండా నేరం ఒకరి మీదే మోపలేం. పైగా బ్రిటన్ పల్లెల్లో పిచ్చుకల తగ్గుదల 1970లలోనే మొదలైంది, అప్పటికి ఏ రైతు జేబులోనూ సెల్‌ఫోన్ లేదు.

మన దేశం సంగతి 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదికలో ఉంది. దాదాపు 15,500 మంది పక్షి వీక్షకులు నమోదు చేసిన కోటికి పైగా పరిశీలనల మీద ఆధారపడిన ఆ నివేదిక, దేశం మొత్తం మీద ఊరపిచ్చుక సంఖ్య పాతికేళ్లకు పైగా సుమారు నిలకడగానే ఉందనీ, హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతూ వచ్చిందనీ చెప్పింది. సెల్ టవర్లే కారణమనడానికి నమ్మదగ్గ ఆధారం లేదనీ పేర్కొంది. మీ పేజీలో 'తెలుగు నేల మీద కనుమరుగు' అన్న శీర్షిక ఉంది. మా ఊరి మార్కెట్ యార్డుకు ఉదయం ఏడింటికి వచ్చేవారెవరూ ఆ శీర్షిక పెట్టరు. నగరంలో ఉన్నవారు తమ బాల్కనీని చూసి దేశం మీద తీర్పు చెప్పడం మనకు అలవాటైపోయింది.

నగర పిచ్చుక కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. కోల్‌కతాలో పిచ్చుకలు గూళ్లలో వేపాకులు తెచ్చి పెట్టుకుంటాయన్న పరిశీలన 1981లో అచ్చయింది. గూటిలోని పురుగూ పుట్రా ఆ వాసనకు దూరమవుతాయన్నది దాని భావం. మసూచి సోకిన ఇంటికి వేపమండలు కట్టిన జాతి మనది, ఈ వార్త మన పత్రికల్లో పతాక శీర్షికగా రావలసింది, నేను మాత్రం ఎక్కడా చూడలేదు. మెక్సికో నగరంలో వేపాకు దొరకని పిచ్చుకలు సిగరెట్ పీకలను ఏరుకొచ్చి గూటిలో పరుస్తున్నాయనీ, పీకల దూది ఎక్కువున్న గూళ్లలో రక్తం పీల్చే పురుగులు తక్కువున్నాయనీ 2013లో తేలింది. ఆ మందుకు విషం కూడా ఉంటుందన్నది వేరే సంగతి.

కోల్‌కతా పరిశీలనకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, గూటిలో ఏముందో చూసే ఓపిక చాలు. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక కళాశాలలో జంతుశాస్త్ర ప్రయోగశాల వెంటిలేటర్లలో ఏటా ఏడెనిమిది పిచ్చుక గూళ్లు ఉండేవి. రాలిన గడ్డిని అటెండర్ రోజూ విసుక్కుంటూ ఊడ్చేవాడు. ఆ గూళ్ల కిందనే నిలబడి నేను పీనియల్ గ్రంథి పాఠం చెప్పాను, ప్రకృతి వరణం పాఠం చెప్పాను, నల్లమచ్చ పాఠమూ చెప్పాను. ఒక్క ఏడాదైనా ఎన్ని గూళ్లు, ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు ఎగిరాయన్నది నోటుపుస్తకంలో రాయించలేదు. ఇరవై అయిదు బ్యాచ్‌ల విద్యార్థులు, ఒక్కొక్కరికి ఒక గూడు అప్పగించినా, ఈనాడు ఆ పట్టణంలో పిచ్చుకలు తగ్గాయా లేదా అని ఎవరైనా అడిగితే జవాబు మా చేతుల్లో ఉండేది. ఇప్పుడు ఆ కళాశాల భవనానికి అద్దాల కిటికీలు బిగించారు, గూళ్లు లేవు. అవి ఎన్ని ఉండేవని అడిగితే నేను చెప్పగలిగేది ఏడెనిమిది అన్న ఈ అంచనా మాత్రమే.

అందుచేత నా విన్నపం ఇది. వచ్చే ఏడాది మార్చిలో మీరు మళ్లీ పిచ్చుకల పేజీ వేస్తారు, తప్పక వేయాలి కూడా. అందులో సగం పాఠకులకు ఇవ్వండి. ఏ ఊరు, ఏ వీధి, ఏ తేదీ, పదిహేను నిమిషాల్లో కనబడ్డ మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, గూడు మీటరు పెట్టెలోనా, దుకాణం షట్టరు మీదా, వీధి దీపం గొట్టంలోనా, పిల్లల నోట్లో పెట్టింది గింజా పురుగా, ఇంతవరకు రాసి పంపమని అడగండి. కనబడకపోతే కనబడలేదని రాయమనండి, సున్నా కూడా అంకే. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచవ్యాప్తంగా పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. కళాశాలల ప్రాంగణాల్లోనూ ఆ రోజుల్లో లెక్కిస్తున్నారు. దాని ప్రకటనను సినిమా ప్రకటన పక్కన రెండంగుళాలు వేసినా మా జిల్లా నుంచి వెళ్లే పట్టికలు పెరుగుతాయి. నా వంతుగా ఈ ఏడాది జనవరి నుంచి మా ఇంటి మీటరు పెట్టెలోని జంటను గమనిస్తున్నాను. ఫిబ్రవరిలో గడ్డి మోశాయి, ఈ లేఖ రాస్తున్న రోజుకు పిల్లలు అరుస్తున్నాయి. నిన్న ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా తల్లీతండ్రీ కలిసి పంతొమ్మిదిసార్లు మేత తెచ్చాయి, నాకు స్పష్టంగా కనబడిన పదకొండుసార్లూ అది పురుగే.

ఇక ఫొటో. మీరు పేజీ పైభాగాన వేసిన పిట్టకు నడినెత్తి ముదురు గోధుమరంగులో ఉంది, తెల్లని చెంప మీద నల్లని మచ్చ ఉంది. మన ఊరపిచ్చుకలో మగదాని నడినెత్తి బూడిదరంగులో ఉంటుంది, చెంప మీద మచ్చ ఉండదు. మీరు వేసింది చెట్టుపిచ్చుక. మీ వ్యాసంలో చైనాలో 1958నాటి పిచ్చుకల నిర్మూలన ఉదంతం ప్రస్తావించారు కదా, డప్పులు, పళ్లేలు మోగిస్తూ వాలనివ్వకుండా తరిమి జనం చంపింది ప్రధానంగా ఈ చెట్టుపిచ్చుకనే, ఊరపిచ్చుకను కాదు. ఆ పిట్టల కడుపులు కోసి చూసి, పిల్లలను సాకే రుతువులో అవి పురుగులను తింటున్నాయని జెంగ్ జువోషిన్ వంటి పక్షిశాస్త్రవేత్తలు చూపించాకే 1960లో పిచ్చుకను నిర్మూలించాల్సిన జీవుల జాబితా నుంచి తీసి నల్లిని చేర్చారు. కాబట్టి ఫొటో ఆ పేరాకు సరిపోతుంది, శీర్షికకు సరిపోదు.

మన దేశంలో చెట్టుపిచ్చుక ప్రధానంగా హిమాలయ ప్రాంతాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో ఉంటుంది. వాటన్నింటికీ దూరంగా, ఒంటరి ద్వీపంలా, మన తూర్పు కనుమల్లోనూ కొన్ని ఉన్నాయి. విశాఖపట్నానికి చెందిన పక్షిశాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, ట్రెవర్ ప్రైస్‌తో కలిసి 1973లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దీన్ని నమోదు చేశారు. అందువల్ల మిమ్మల్ని ఒక ప్రశ్న అడగవలసి వస్తోంది. ఆ ఫొటో ఇంటర్నెట్ నుంచి దించుకున్నదైతే వచ్చే సంచికలో ఒక సవరణ వేస్తే సరిపోతుంది. అలాకాక మీ విలేకరి ఎవరైనా పాడేరు, అరకు వైపు వెళ్లి తీసినదైతే మాత్రం, అది ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎన్ని పిట్టల గుంపులో తీశారో దయచేసి అచ్చు వేయించండి.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా